నెలకి ఆరు వందలు: నెల్లూరులో ప్రపంచ రాజకీయాల ఆదివారం క్లాసు

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఒక రిటైర్డ్ సోషల్ మాస్టారు ప్రతి ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి ప్రపంచ రాజకీయాల మీద క్లాసు చెబుతున్నారు. నెలకి ఆరు వందలు. బయట బోర్డు లేదు, పేపర్లో ప్రకటన లేదు. బియ్యం కొట్టు పైన మేడ గది, ప్లాస్టిక్ కుర్చీలు, నల్లబోర్డు, గోడకి పెద్ద ప్రపంచ పటం, బల్ల మీద ఒక పాత గ్లోబు. కొన్ని నెలలుగా నేను పోతున్నాను. మా వైపు వాళ్ళు చాలామంది "ఎట్లుంది, మనలాంటోళ్ళకి పనికొస్తుందా" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు వివరంగా రాస్తున్నాను.

మాది విడవలూరు మండలం. వనామీ రొయ్యల గుంటలున్నాయి. గుంటల దగ్గర పని మా ఆయన, మా మరిది చూసుకుంటారు. మేత బాకీలు, కరెంటు బిల్లులు, సీడు (రొయ్య పిల్లల) డబ్బులు, పట్టుబడి (రొయ్య పట్టి అమ్మే) లెక్కలు నా చేతిలో ఉంటాయి. 2025 ఆగస్టులో అమెరికా సుంకాల వార్త వచ్చినప్పుడు మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. టీవీ పెడితే ఒక చానల్లో మనదే పైచేయి అంటారు, ఇంకో చానల్లో అంతా అయిపోయింది అంటారు. నాకు కావలసింది వేరే. తర్వాతి పంటకి సీడు ఎప్పుడు వదలాలి, ఎన్ని గుంటల్లో వదలాలి, కొత్తగా అప్పు తేవాలా ఆగాలా. ఈ ప్రశ్నలకి జవాబు చెప్పే చానల్ ఒక్కటీ కనబడలేదు. మేతల కొట్టు దగ్గర ఒకాయన ఈ క్లాసు సంగతి చెబితే చేరాను.

వచ్చేవాళ్ళు రకరకాలు. గ్రూప్స్‌కి చదివే పిల్లలు సగం మంది. మిగతావాళ్ళలో నాలాంటి ఆక్వా కుటుంబాలవాళ్ళు, ఒక లారీ ఓనరు, పంతపాళెం నూనె ఫ్యాక్టరీలో పనిచేసే ఒకబ్బాయి, డల్లాస్‌లో కొడుకున్న రిటైర్డ్ బ్యాంకు ఆయన.

మాస్టారు పాఠం మొదలుపెట్టే తీరే ఈ క్లాసుకి ప్రాణం. ముందు బోర్డు మీద మన జిల్లాల్లో అందరికీ తెలిసిన ధర ఒకటి రాస్తారు. ఒక వారం 30 కౌంట్ (కిలోకి ముప్పై తూగే) రొయ్య, ఒక వారం పొద్దుతిరుగుడు నూనె, ఒక వారం డీజిలు, ఇంకోవారం ఒంగోలు వేలంలో పొగాకు, చీమకుర్తి గ్రానైటు. ఆ ధర దగ్గర్నుంచి ఒక్కో గీత గీసుకుంటూ వెనక్కి పోతారు. గీతలు పోయి పోయి ఏ దేశం రాజధానిలోనో, ఏ సముద్రం సందులోనో ఆగుతాయి. ఐక్యరాజ్యసమితి ఎప్పుడు పుట్టింది, బ్రిక్స్ దేశాల కూటమిలో ఎవరున్నారు లాంటివన్నీ ఆ గీతల మధ్య అవసరమైనచోట వస్తాయి. అవసరం వచ్చినప్పుడు విన్నది కాబట్టి గుర్తుంటాయి.

సుంకాల పాఠం ఇట్లా సాగింది. గుంట, ఏజెంటు, రొయ్య శుద్ధి చేసే ప్లాంటు, చెన్నై హార్బరులో కంటెయినరు, అమెరికాలో దిగుమతిదారు, అక్కడి కస్టమ్స్. వరసగా రాసి, "సుంకం ఎవరు కడతారు?" అని అడిగారు. గదిలో చాలామంది "మనమే" అన్నారు. కట్టేది అమెరికా దిగుమతిదారు. ఆ డబ్బు అమెరికా ఖజానాకే పోతుంది. తన మీద పడిన భారాన్ని అతను కొంత అక్కడి సూపర్ మార్కెట్ ధరలో కలుపుతాడు, కొంత తన లాభంలో తగ్గించుకుంటాడు, మిగతాది "రేటు తగ్గిస్తేనే ఆర్డరు" అని మన ప్లాంటు మీదికి తోస్తాడు. ప్లాంటు ఏజెంటు మీదికి, ఏజెంటు గుంట గట్టు మీదున్న రైతు మీదికి. మాస్టారు అక్కడ సుద్దముక్క ఆపి మా వైపు చూశారు. రైతు తర్వాత గీత లేదు. మేత రేటు తగ్గదు, కరెంటు తగ్గదు, సీడు వాడు తగ్గించడు.

తర్వాత తేదీలు. నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఈ భాగమే. 2025 ఏప్రిల్ 2న మన సరుకు మీద 26 శాతం అని ప్రకటించారు, వారానికే ఆపి 10 శాతం ఉంచారు. ఆగస్టు 7 నుంచి 25 శాతం అమల్లోకి వచ్చింది. దానికి ముందు రోజే ఇంకో ఉత్తర్వు మీద సంతకం పడింది, రష్యా ముడి చమురు కొంటున్నందుకు మరో 25 శాతం, ఆగస్టు 27 నుంచి. రెండూ కలిపి 50. రొయ్యల మీద 2005 నుంచీ ఉన్న యాంటీ డంపింగ్ సుంకం (మరీ తక్కువ ధరకి అమ్ముతున్నారని వేసేది) వేరే, 2024 డిసెంబరులో వేసిన 5.77 శాతం కౌంటర్‌వెయిలింగ్ సుంకం (మన ప్రభుత్వ సబ్సిడీలకి విరుగుడుగా వేసేది) వేరే. అన్నీ కలిస్తే 58 శాతం దాటింది. అదే సమయంలో మనకి పోటీదారు ఈక్వెడార్ మీద కొత్తగా వేసింది 15 శాతం. ప్రపంచంలో రొయ్య ఎక్కువగా ఎగుమతి చేసేది ఆ దేశమే.

ఆగస్టు 27 నుంచి అమలైన ఆ ఉత్తర్వులో చిన్న వెసులుబాటు ఒకటి ఉంది. ఆ తేదీకి ముందు ఓడెక్కి, సెప్టెంబరు 17 లోపు అమెరికాలో దిగిన సరుకుకి రెండో 25 శాతం పడదు. మాస్టారు దాన్ని బోర్డు మీద రాసి, "చెన్నైలో ఎక్కిన కంటెయినరు న్యూయార్కులో దిగడానికి ఎన్ని రోజులు?" అన్నారు. లారీ ఓనరు చెప్పాడు, నెల పైనే పడుతుందని. "అయితే లెక్క వెయ్యండి." వేశాం. ఆగస్టు 26న ఓడెక్కిన సరుకు సెప్టెంబరు 17కి అక్కడికి చేరే దారే లేదు. ఆగస్టు రెండో వారానికల్లా ఓడ ఎక్కకపోతే ఆ వెసులుబాటు కాగితం మీదే. అంటే పేపర్లన్నీ 27, 27 అని రాస్తున్నప్పుడు మన సరుకుకి తలుపు ఎప్పుడో మూసుకుపోయింది. ఆ నెలలో మా ఊళ్ళో కొనేవాళ్ళు ముందు పట్టుబడికి తొందరపెట్టి, తర్వాత ఉన్నట్టుండి ఫోన్లు ఎత్తడం మానేశారు. ఎందుకు మానేశారో ఆ బోర్డు మీద లెక్క చూశాక తెలిసింది. అప్పటిదాకా మేము ఏజెంటునే తిడుతూ కూర్చున్నాం.

గ్లోబు సంగతి కూడా రాయాలి. వల నేసే నైలాను దారం ఒక ఉండ మాస్టారు బల్ల సొరుగులో ఉంటుంది. చెన్నై మీద ఒకరి వేలు, న్యూయార్కు మీద ఇంకొకరి వేలు. శ్రీలంక కింద నుంచి అరేబియా సముద్రం, బాబెల్ మండెబ్ జలసంధి, ఎర్ర సముద్రం, సూయజ్, మధ్యధరా, జిబ్రాల్టర్ దాటించి అట్లాంటిక్ మీదుగా దారం లాగి కత్తిరించారు. మళ్ళీ ఇంకో దారం, ఈసారి ఆఫ్రికా కొన చుట్టూ తిప్పి. రెండూ పక్కపక్కన పెడితే రెండోది పొడుగు. 2023 నవంబరులో యెమెన్‌లోని హూతీ తిరుగుబాటుదారులు ఓడల మీద దాడులు మొదలుపెట్టాక చాలా కంపెనీలు ఆ చుట్టుదారే పట్టాయి. గాజా యుద్ధం ఆగాలని దాడులు చేస్తున్నామన్నది హూతీల మాట. ఆ చుట్టు తిరుగుడుకి పది రోజుల పైన అదనం, దానికి తగ్గట్టు కిరాయి, ఇన్సూరెన్సు. మూడో దారం ఈక్వెడార్‌లోని గ్వాయాకిల్ నుంచి పనామా కాలవ మీదుగా న్యూయార్కుకి. అది నా చూపుడు వేలంత కూడా లేదు. రొయ్య మంచిది ఎవరిది అన్న మాట పక్కన పెడితే, ఆ చిన్న దారంతో పోటీపడి మనవాళ్ళు ఇన్నేళ్ళు అమెరికాలో మొదటి వరసలో నిలబడ్డారంటే రైతు ఎంత తక్కువ లాభానికి పండించాడో ఆలోచించండి. 2024-25లో దేశం మొత్తం సముద్ర ఉత్పత్తుల ఎగుమతి 62 వేల కోట్ల రూపాయలు దాటింది. అందులో పెద్ద వాటా రొయ్యది, రొయ్యలో పెద్ద వాటా మన ఆంధ్రది.

గోడ మీద పటాన్ని నమ్మొద్దని కూడా ఆ రోజే చెప్పారు. పటంలో గ్రీన్‌లాండ్ దాదాపు ఆఫ్రికా అంత పెద్దగా కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి పద్నాలుగు రెట్లు. గ్రీన్‌లాండ్ మాకు కావాలి అని అమెరికా అధ్యక్షుడు అన్న వార్త చదివేటప్పుడు ముందు గ్లోబు చూడాలి, ఆర్కిటిక్ మీదుగా రష్యాకీ అమెరికాకీ మధ్య ఆ దీవి ఎక్కడుందో చూస్తే ఆ మాట ఎందుకొచ్చిందో తెలుస్తుంది అన్నారు.

ఈ క్లాసులో నేను మర్చిపోలేనిది నూనె పాఠం. పంతపాళెం అబ్బాయి మొదలుపెట్టాడు. కృష్ణపట్నం రేవు పక్కన ముడి వంటనూనె దించుకుని శుద్ధి చేసే ఫ్యాక్టరీలున్నాయి కదా. 2022 ఫిబ్రవరి 24న రష్యా యుక్రెయిన్ మీదికి వెళ్ళేనాటికి మన దేశం కొనే పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువ భాగం యుక్రెయిన్ నుంచే వచ్చేది. నల్ల సముద్రం రేవులు మూతపడ్డాయి. అది చాలదన్నట్టు ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిలు ఎగుమతి ఆపింది, మే 23 దాకా ఎత్తలేదు. ఆ వేసవిలో నూనె ప్యాకెట్టు కొన్న ప్రతి ఆడమనిషికీ ఆ రెండు దెబ్బలు గుర్తుంటాయి, కారణాలు తెలియకపోయినా.

అక్కణ్ణించి మాస్టారు ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి తీసుకెళ్ళారు. పదిహేను మంది సభ్యులు, అందులో అయిదుగురు శాశ్వతం, వాళ్ళలో ఏ ఒక్కరు కాదన్నా తీర్మానం చచ్చిపోతుంది. ఫిబ్రవరి 25న రష్యా దాడిని తప్పుపట్టే తీర్మానానికి పదకొండు మంది చేతులెత్తినా రష్యా వీటోతో అది పోయింది. చైనా, యూఏఈ, మనం ఓటు వెయ్యలేదు. మార్చి 2న సర్వసభ్య సభలో 141 దేశాలు తీర్మానం వైపు, 5 వ్యతిరేకం, 35 తటస్థం. ఆ 35లో మనమూ ఉన్నాం. "ఎందుకు?" అని పిల్లల్ని అడిగారు. ఆయుధాలు, పాత స్నేహం, 1971లో మన కోసం సోవియట్ వేసిన వీటోలు అని తలా ఒకటి చెప్పారు. ఆయన అన్నీ రాసుకుని కింద ఇంకోటి చేర్చారు, ముడి చమురు. మనం వాడే ముడి చమురులో 85 శాతం పైన బయటి నుంచి తెచ్చుకునేదే. యుద్ధానికి ముందు రష్యా వాటా రెండు శాతం కూడా లేదు. పడమటి దేశాలు కొనడం తగ్గించాక రష్యా తగ్గింపు ధరకి ఇచ్చింది, మన దిగుమతుల్లో దాని వాటా మూడో వంతు దాటింది.

ఆ గీత చివర ఆయన మళ్ళీ రాసింది 2025 ఆగస్టు 6. రష్యా ముడి చమురు కొన్నందుకు అదనపు సుంకం మీద సంతకం పడ్డ రోజు. ఎక్కడో జరిగిన ఒకే యుద్ధం 2022లో మా వంటింట్లో నూనె ధర పెంచి, మూడేళ్ళ తర్వాత మా గుంటలో రొయ్య ధర పడగొట్టింది. ఈ రెండింటికీ సంబంధం ఉందని అంతకుముందు ఎవరూ నాకు చెప్పలేదు. ఆ రోజు ఇంటికొచ్చి మా ఆయనకీ మరిదికీ భోజనాల దగ్గర మొత్తం చెప్పాను. మా మరిది కంచంలో చెయ్యి పెట్టుకుని విన్నాడు. "అయితే వదినా, ఇకమీద రష్యా వార్త కూడా చూడాలన్నమాట" అన్నాడు. చూస్తున్నాడు కూడా.

డీజిలు పాఠంలో హోర్ముజ్ జలసంధి వచ్చింది. 2024లో ప్రపంచం వాడిన చమురులో అయిదో వంతు దాకా ఆ సందులోంచే పోయింది, ఇరుకైన చోట వెడల్పు 33 కిలోమీటర్లు. గుంటకి తూము ఎట్లాంటిదో గల్ఫ్‌కి హోర్ముజ్ అట్లాంటిది అన్నారు మాస్టారు. తూము దగ్గర ఎవడు కూర్చుంటే గుంట వాడి చేతిలో ఉంటుందని మా వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 2025 జూన్ 13 నుంచి 24 దాకా ఇజ్రాయెల్, ఆ సందు ఒడ్డునే ఉన్న ఇరాన్ కొట్టుకున్నప్పుడు జనరేటరు డీజిలు కోసం మేము ఎందుకు కంగారుపడ్డామో ఆ గదిలో కూర్చున్న గ్రూప్స్ పిల్లలకి మేము చెప్పాం. గుంట నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు రాత్రి ఆగితే ఏమవుతుందో వాళ్ళు ఎప్పుడూ చూడలేదు. ఇట్లా రెండువైపులా మాటలు నడవడం నాకు చాలా నచ్చింది.

వార్త చదివే పద్ధతి కూడా నేర్పిస్తారు. ఏ వార్తకైనా మూడు ప్రశ్నలు. ఎవరన్నారు? ఉత్తి మాటా, సంతకం పెట్టిన కాగితమా? ఎప్పటి నుంచి అమలు? "మాటకి భయపడొద్దమ్మా, కాగితం చూడు. కాగితం మీద తేదీ చూడు" అంటారు. సుంకాలు వేసింది 1977 నాటి అత్యవసర అధికారాల చట్టం కింద. ఆ చట్టం సుంకాలకి వర్తిస్తుందా అన్న వాదన అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయింది, 2025 నవంబరు 5న వాదనలు విన్నారు. ఒక పిల్లాడు అడిగాడు, "మనం డబ్ల్యూటీవోలో (ప్రపంచ వాణిజ్య సంస్థలో) కేసు వెయ్యకూడదా మాస్టారూ" అని. వెయ్యొచ్చు, గెలవొచ్చు కూడా. కానీ అవతలి వాళ్ళు అప్పీలు చేస్తే వినే బెంచి 2019 డిసెంబరు నుంచి లేదు. కొత్త జడ్జీల నియామకాన్ని అమెరికా అడ్డుకుంటూ వచ్చింది. తీర్పు వచ్చినా అది అప్పీల్లోనే ఆగిపోతుంది. ఆ జవాబు విన్నాక గదిలో కాసేపు అందరూ గట్టిగా మాట్లాడుకున్నారు, మాస్టారు ఆపలేదు.

ఆపేది ఒక్క చోటే. మన పార్టీల గొడవ వస్తే మాత్రం "అది బజారులో మాట్లాడుకోండి" అని వెంటనే బోర్డు వైపు తిరుగుతారు. ఈ పట్టు ఉంది కాబట్టే రకరకాల పార్టీలవాళ్ళు ఒకే గదిలో కూర్చోగలుగుతున్నారు.

దీనికి ముందు మా అమ్మాయి కోసం ఒక ఆన్‌లైన్ కోర్సు కొన్నాం, దీనికి ఎన్నో రెట్లు ఖరీదు. అందులో శిఖరాగ్ర సమావేశం ఎక్కడ, ప్రధాన కార్యాలయం ఎక్కడ, అధ్యక్షుడు ఎవరు అని జాబితాలు. పరీక్షలో బిట్లకి పనికొస్తాయి, కాదనను. బ్రిక్స్‌లో 2025 జనవరిలో ఇండోనేషియా చేరింది అని అక్కడ ఒక లైను ఉంటుంది. ఎందుకు చేరింది, చేరితే డాలరు మీద ఆధారపడిన వాళ్ళకి ఏమవుతుంది అన్నది ఉండదు. మా అమ్మాయి ఇప్పుడు ఈ క్లాసుకి నాతోపాటు వస్తోంది.

లోపాలు చెప్పకపోతే ఈ రాత సగమే అవుతుంది. పన్నెండింటికి అయిపోవాలి, ఏ ఆదివారం అవ్వదు. విడవలూరు బస్సు తప్పిపోతుంది. జిరాక్సు పటాలు నల్లగా పడతాయి, దేశాల పేర్లు చదవలేం. రికార్డింగు లేదు. పట్టుబడి రోజు రాలేకపోతే ఆ పాఠం పోయినట్టే, పక్కవాళ్ళ నోట్సే గతి. మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కష్టం. ఆడవాళ్ళం ముగ్గురమే, ఇంకా రావాలి. చైనా, తైవాన్ సంగతి ఒక్క ఆదివారంలో ముగించేశారు. ఎదురుగా శ్రీలంక, పైన బంగ్లాదేశ్, నేపాల్, ఈ మూడింట్లోనూ 2022 నుంచి 2025 లోపల జనం వీధుల్లోకొచ్చి ప్రభుత్వాల్ని దించేశారు. ఇంత దగ్గరి సంగతికి ఇంకా ఎక్కువ సమయం ఇవ్వాలి.

నా అసలు ఫిర్యాదు వేరే ఉంది. ధర దగ్గర మొదలుపెట్టే పద్ధతి వల్ల మన ధరని తాకని దేశాలు బోర్డు మీదికి రావు. సూడాన్ ఒక్కసారి కూడా రాలేదు. దారంతో ఎర్ర సముద్రం దాటించినప్పుడల్లా పోర్ట్ సూడాన్ పక్కనుంచే పోయాం, ఆగలేదు. 2025 అక్టోబరు చివర్లో అల్ ఫాషిర్ పట్టణం పడిపోయిందన్న వార్త, అక్కడి ఆడవాళ్ళు, పిల్లల ఫొటోలు చూశాక ఉండబట్టలేక క్లాసులో లేచి అడిగాను. "మాస్టారూ, సూడాన్ నుంచి మనకి ఏ ధరా రాదు. అందుకని ఆ పాఠం ఉండదా?"

ఆయన తప్పించుకోలేదు. ఆ వారం పొగాకు పాఠం పక్కన పెట్టి సూడాన్ చెప్పారు. 2023 ఏప్రిల్ 15న సైన్యాధిపతి బుర్హాన్‌కీ, ఆర్ఎస్ఎఫ్ అనే పారామిలిటరీ దళం నాయకుడు హెమెద్తీకీ మధ్య మొదలైన యుద్ధం. ఇద్దరూ అంతకుముందు కలిసి అధికారం పంచుకున్నవాళ్ళే. కోటి మందికి పైగా ఇళ్ళు వదిలి పోయారు, ప్రపంచంలో అంతమంది చెదిరిపోయిన దేశం ఇంకోటి లేదని 2025లో ఐక్యరాజ్యసమితి చెప్పింది. అల్ ఫాషిర్ ఏడాది పైన ముట్టడిలో ఉండి అక్టోబరు 26న ఆర్ఎస్ఎఫ్ చేతికి చిక్కింది. ఆర్ఎస్ఎఫ్‌కి యూఏఈ ఆయుధాలిస్తోందన్న ఆరోపణ ఉంది, యూఏఈ కాదంటుంది. సూడాన్ గనుల బంగారం ఎక్కువగా పోయేది దుబాయి మార్కెట్టుకే. చివర్లో మాస్టారు ధర ఏదీ రాయలేదు.

అరగంట పాఠం అది. పిల్లలు ఒక్కరూ ఫోను చూడలేదు. నేను అడిగేది ఇదే, నెలకి ఒక ఆదివారం అట్లాంటి దేశానికి పెట్టండి. తూర్పు కాంగోలో 2025 జనవరిలో ఎం23 తిరుగుబాటుదారులు గోమా పట్టణాన్ని పట్టుకున్నారు, మయన్మార్ 2021 నుంచి తగలబడుతోంది. వీటిలో ఏదీ మా గుంట గట్టు దాకా రాకపోవచ్చు. అయినా ప్రపంచాన్ని అర్థం చేసుకుంటామని డబ్బు కట్టి కూర్చున్నాం కదా, అక్కడి మనుషుల్నీ తెలుసుకోవాలి. ఆలోచిస్తానన్నారు. ఇంకా పద్ధతి మారలేదు, మళ్ళీ అడుగుతాను.

ఇక చేరాలా వద్దా. మూడు నెలల్లో పరీక్ష ఉన్న పిల్లలు ఇదొక్కటే నమ్ముకుంటే సరిపోదు, బిట్లకి వేరే చదువుకోవాలి. ఆక్వా, పొగాకు, గ్రానైటు, లారీలు, నూనె, ఎగుమతితో సంబంధం ఉన్న ఏ కుటుంబంలోనైనా లెక్కలు చూసే మనిషి మాత్రం తప్పకుండా రావాలి. వచ్చే నెల రేటెంతో మాస్టారు చెప్పరు, అడిగినా చెప్పరు. ఎక్కడ చూస్తే ముందుగా తెలుస్తుందో చెబుతారు. మేము ఈసారి సగం గుంటల్లోనే సీడు వదిలాం, కొత్త అప్పు తేలేదు. 2025 జూలై 24న బ్రిటన్‌తో సంతకాలైన వాణిజ్య ఒప్పందం మీద కూడా ఒక కన్నేసి ఉంచాం, అందులో మన రొయ్య మీద సుంకం ఎత్తేస్తామన్నారు.

ఎప్పుడైనా చేరొచ్చు, బ్యాచిలు లేవు. మొదటి ఆదివారం ఊరికే కూర్చుని విని, నచ్చితే డబ్బు కట్టొచ్చు. ముందు వరసలో కూర్చోండి, వెనక ఫ్యాను శబ్దానికి మాస్టారి గొంతు సరిగా వినబడదు. పెద్ద నోటుబుక్కు తెచ్చుకోండి. రంగుల ప్రపంచ పటం ఒకటి మీరే కొనుక్కుంటే ఆ జిరాక్సుల బాధ తప్పుతుంది.